ఊరి నడిబొడ్డున అరీనా

మారియెల్ తిబో బోర్వల్ పురపాలక కార్యాలయంలో దాదాపు ముప్పయ్యేళ్ళు ప్రణాళికాధికారిగా పనిచేసింది. అధికారి అంటే పెద్ద హోదా అనుకుంటారేమో, ఆమె కింద పనిచేసేవాళ్ళంటూ ఎవరూ లేరు. అగ్నిమాపక దళం షెడ్డు మీద ఒక గది ఇచ్చారు. కింద సైరను మోగితే పైన బల్ల మీది కాఫీ వణికేది. కొత్తగా వరండా వేసుకోవాలన్నా, పక్కింటివాడి కంచె ఇటు జరిగిందని తగువొచ్చినా, జనం ఆ ఇనుప మెట్లెక్కి ఆమె దగ్గరికే రావాలి. ముక్కు కారుతూ వీధుల్లో తిరిగిన పిల్లగా ఊళ్ళో సగంమంది ఆమెను ఎరుగుదురు. అందుకని ఆమె "కుదరదు" అన్నప్పుడల్లా వాళ్ళకు ఒళ్ళు మండేది.

"మీ అమ్మే గనక ఉంటే నిన్నిలా మాట్లాడనిచ్చేదా?" అనేవారు.

"మా అమ్మే ఉంటే మీ కంచె ఈపాటికి పీకేసి ఉండేది," అనేది మారియెల్.

ఆ మాట నిజమే. తల్లి సిమోన్ కాన్వెంటు చాకిరేవులో పనిచేసిన మనిషి, తండ్రి కాగితం మిల్లులో. సిమోన్ కారు నడపడం నేర్చుకోలేదు, ఆ రోజుల్లో ఆ అవసరమూ రాలేదు. మిల్లు, చర్చి, బడి, మాంసం కొట్టు, కిరాణా, సినిమా హాలు అన్నీ ఒక కేక వేస్తే వినపడేంత దూరంలోనే ఉండేవి. ఆ తర్వాత మిల్లు మూతపడింది. ఊరి పక్కనుంచి హైవే పడింది. హైవే దిగే చోట పెద్ద సూపర్‌మార్కెట్టు వెలిసింది. అక్కడ అది వెలిశాక ఇక్కడ కొట్లు ఒకదాని తర్వాత ఒకటి తలుపులకు చెక్కలు కొట్టుకున్నాయి. చివరి రోజుల్లో సిమోన్ కోటు వేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది, ఎవరైనా కారులో బజారుకి తీసుకెళ్తారేమోనని.

"నేనెక్కడికీ పోలేదే," అందొకసారి, మాంట్రియల్లో చదువుకుంటున్న కూతురు సెలవులకు వచ్చినప్పుడు. "ఊరే నన్నొదిలేసి హైవే దగ్గరికి పోయింది."

చదువు పూర్తయ్యాక మారియెల్ కొన్నాళ్ళు మాంట్రియల్లోనే ఉద్యోగం చేసింది. బోర్వల్‌లో ఖాళీ పడిందని తెలిసి దరఖాస్తు పెడితే తోటివాళ్ళు నవ్వారు. "అక్కడ ప్రణాళికేముంటుంది, గుంటలు పడ్డచోట తారు పొయ్యడమేగా" అన్నారు. ఆమె సామాను సర్దుకుని వచ్చేసింది. మూడంతస్తుల పాత ఇంట్లో మధ్య వాటా అద్దెకు తీసుకుంది. కింద వాటాలో ఇంటావిడ ఆల్ఫొన్సిన్ ఉండేది. అప్పటికే ఎనభైకి దగ్గరపడిన ముసలావిడ, మాట కరుకు, చెయ్యి మెత్తన. శుక్రవారం శుక్రవారం బఠాణీ సూపు కాచి, గరిటెతో పైకప్పు మీద టకటకా కొట్టేది, వచ్చి తినమని.

వచ్చిన చాలా ఏళ్ళవరకూ మారియెల్ చేసిన పనులు చిన్నవి. బడి ముందు రోడ్డు వెడల్పు తగ్గించి కాలిబాట పెంచింది. ఖాళీ అయిన కొట్ల మీద ఇళ్ళు కట్టుకోవచ్చని నిబంధన మార్పించింది. నది ఒడ్డున చెట్లు నాటించింది, సగం బతికాయి. ఆమె పేరు ఊరందరి నోళ్ళలో నానింది మాత్రం అరీనా గొడవలో.

అరీనా అంటే లోపల నేలంతా మంచు గడ్డకట్టించిన ఆటహాలు, మా వైపు ఊళ్ళకు అది వేరే చెప్పక్కర్లేదు. మంచు మీద హాకీ ఆడని పిల్లవాడు, ఆడే పిల్లవాడి కోసం చలిలో అరవని తల్లీ మాకు లేరు. మిల్లు పోయినా, సినిమా హాలు పోయినా బోర్వల్‌కు అరీనా మిగిలింది. ఒక మార్చి నెలలో తడిమంచు విపరీతంగా కురిసి, ఆ బరువుకి దాని పైకప్పు దూలం చిట్లింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంజనీరు వచ్చి చూసి తలుపుకి తాళం వేయించాడు. మరమ్మతు చేసినా నిలవదు, కొత్తది కట్టుకోవాల్సిందే అన్నాడు.

మేయరు లుద్జేర్ పకెట్ పూర్వం మంచు మీద నడిపే మోటారు బళ్ళు అమ్మినవాడు, నలుగురినీ నవ్వించి ఒప్పించగలవాడు. నెల తిరక్కుండా శుభవార్త మోసుకొచ్చాడు. హైవే దిగే చోట, సూపర్‌మార్కెట్టు పక్కన, ఒక స్థిరాస్తి వ్యాపారి భూమి ఉచితంగా ఇస్తానన్నాడట. ఎన్ని కార్లయినా నిలుపుకోవచ్చు. ఊరు ఊరంతా సంబరపడింది. అందరికంటే ఎక్కువ సంబరపడింది గ్రెగ్వార్. అతను మారియెల్ తమ్ముడు. పొట్టకూటికి ప్లంబరు, ప్రాణానికి హాకీ శిక్షకుడు. ఊరి కుర్రాళ్ళ జట్టు అతని చేతిలోనే ఉంది.

మారియెల్‌కు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు. ఊళ్ళో మిగిలిన చివరి ప్రాణం కూడా హైవే దగ్గరికే పోతోంది. పిల్లల్ని దింపడానికీ తేవడానికీ ప్రతి ఇంటి కారూ రోజుకి నాలుగుసార్లు ఆ దారిన తిరుగుతుంది. కారు లేని ఇంటి పిల్లవాడికి ఇక ఆట లేనట్టే. పైగా ఆమె మనసులో ఇంకో ఆలోచన ఉంది. మంచు గడ్డకట్టించడమంటే నీళ్ళలోని వేడిని లాగి అవతల పారబోయడమే. ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టినవాళ్ళెవరికైనా అది తెలుసు. పాత అరీనా వెనక గోడ దగ్గర నడి చలికాలంలో కూడా నేల పొడిగా ఉండేది, ఊళ్ళో పిల్లులన్నీ అక్కడే పడుకునేవి. మిల్లు కూల్చిన ఖాళీ స్థలం ఊరి మధ్యలోనే ఉంది. అరీనా అక్కడ కడితే వీధికి అవతల వృద్ధుల ఆశ్రమం, ఇవతల బడి. ఆ పారబోసే వేడిని గొట్టాల్లో పంపితే రెండిటికీ చలి కాచుకోవచ్చు. మిగిలిన జాగాలో, కింద కొట్లూ పైన ఇళ్ళూ కడితే వాటికీ సరిపోతుంది. నడిచి వెళ్ళగలిగే దూరంలో జనం, జనం ఉన్నచోట కొట్లు. ఇదీ ఆమె లెక్క.

బడి నేలమాళిగలో సభ పెట్టారు. మారియెల్ పటాలు వేలాడదీసి మాట్లాడింది. ఉద్గారాలంది, కర్బన భారమంది, భూతాపమంది. వెనక బెంచీలోంచి ఎవడో లేచాడు.

"ఏమ్మా, మా పిల్లదాని స్కేట్లు ఉద్గారాల మీద జారతాయా?"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు తగ్గకుండానే గ్రెగ్వార్ లేచి నిలబడ్డాడు.

"మా అక్క పెద్ద చదువులు చదివింది, కాదన్ను. నేను పైపులు బిగించుకునేవాణ్ణి. కానీ ఒక్కటి చెప్పక్కా. బయటూరి నుంచి జట్టొస్తుంది. ఇరవైమంది కుర్రాళ్ళు, ఒక్కొక్కడి భుజాన వాడంత సంచి. ఆ బస్సు ఎక్కడ ఆపమంటావు? చర్చి గంట మీదా?"

మళ్ళీ నవ్వులు. మారియెల్ పటాలు చుట్టుకుని ఇంటికొచ్చింది. పరాయివాళ్ళు నవ్వినందుకు కాదు, సొంత తమ్ముడు నలుగురిలో నిలబెట్టి మాట అన్నందుకు ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆల్ఫొన్సిన్ మెట్ల దగ్గరే కాపేసి ఉంది.

"లోపలికి రా. ఏడిస్తే సూపు తిన్నాక ఏడు," అంది. తర్వాత కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. "నువ్వు మాట్లాడిందాంట్లో నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు. నీ పక్కనున్నదాన్ని నాకే అర్థం కాకపోతే అవతలివాళ్ళ గతేం కాను? భూగోళం సంగతి తర్వాత చూద్దాం గానీ పిల్లా, అది మధ్యలో ఉంటే నాకేంటి, హైవే మీదుంటే నాకేంటి, ఆ ముక్క చెప్పు."

మారియెల్‌కు రోషం వచ్చింది. కాసేపటికి అదే రోషం తన మీదికి తిరిగింది. ఆ వేసవి నుంచి ఆకు రాలేకాలం దాకా ఆమె సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగింది. పటాలు తీసుకెళ్ళలేదు. "మీ పిల్లలు ఆటకెలా వెళ్తారు? మీరు రోజూ ఎక్కడెక్కడికి తిరుగుతారు?" అని మాత్రం అడిగి, చెప్పింది వింది. వారంలో మూడు రాత్రులు కారులోనే భోజనాలు కానిచ్చే తల్లులున్నారు. తండ్రి కారు పాడైన ఏడాది ఆట మానేసిన పిల్లలున్నారు. ఉదయం పూట అరీనాకు నడిచి వెళ్ళి, కాఫీ తాగుతూ, పిల్లల సాధన చూస్తూ, రిటైరైన తమ బతుకుల్ని వెళ్ళదీసిన ముసలివాళ్ళున్నారు. వాళ్ళిప్పుడు ఇళ్ళల్లో టీవీ ముందు కూర్చుంటున్నారు. ఒకాయన తలుపు తీసి, మాట్లాడకుండా మొహం మీద వేసేశాడు. మర్నాడు ఆయన భార్య వీధిలో పట్టుకుని చెప్పాల్సిందంతా చెప్పింది.

ఇంత విన్నాక ఆమె మేయరు దగ్గరికి వెళ్ళింది.

"మేయర్ గారూ, ఒక్క శనివారం నాకివ్వండి. వృద్ధాశ్రమం నుంచి మీ కొత్త స్థలం దాకా కలిసి నడుద్దాం."

"కారెందుకుంది మరి?"

"కారు లేనివాళ్ళెలా వస్తారో చూడటానికి."

"నన్ను నడవలేననుకుంటున్నావా ఏంటి? నీ వయసులో నేను రాకెట్లు వేసుకుని అడవంతా తిరిగాను," అన్నాడు మేయరు. మంచు మీద నడవడానికి వేసుకునే వల అల్లిన జోళ్ళను ఆయన రాకెట్లనేవాడు. ఆయన్ను ఒప్పించడానికి ఆ మాత్రం చాలు.

ఫిబ్రవరిలో బయల్దేరారు. ఆల్ఫొన్సిన్ కూడా కొనకు మేకులు కొట్టిన చేతికర్ర పట్టుకుని వచ్చింది. మారియెల్ వద్దంటే వినలేదు. "నేను లేకపోతే అది పరీక్షెలా అవుతుంది? షికారవుతుంది," అంది.

చివరి ఇల్లు దాటగానే కాలిబాట అయిపోయింది. ఆ తర్వాత రోడ్డు అంచే దారి, అంచున మంచు తోసిన గట్టు. దుంగలు మోసే లారీలు చెవులు చిల్లులుపడేలా పోతున్నాయి. మేయరు మొదట్లో పాత హాకీ కబుర్లు చెబుతూ హుషారుగా నడిచాడు. ఇంతలో ఒక లారీ పక్కనుంచి దూసుకుపోయి, ఉప్పూ బురదా కలిసిన మంచునీళ్ళు ఆయన టోపీ నుంచి బూట్ల దాకా కుమ్మరించింది. మేయరు నిలబడిపోయి, మావాళ్ళ అలవాటు ప్రకారం చర్చిలో ఉన్న సామానంతటినీ పేరుపేరునా తలుచుకుని తిట్టాడు.

"పూజాపాత్ర మర్చిపోయారు," అంది ఆల్ఫొన్సిన్.

ముగ్గురూ నవ్వారు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మరికాస్త దూరం పోయాక ఆల్ఫొన్సిన్ ఆగిపోయింది. ఊపిరి అందడం లేదు. కూర్చుందామంటే బెంచీ లేదు, ఆనుకుందామంటే గోడ లేదు, ఎక్కుదామంటే బస్సు లేదు. మారియెల్ ఆమెను మంచు గట్టు మీదే కూర్చోబెట్టి, తన కండువా తీసి మోకాళ్ళ మీద కప్పింది. ముసలావిణ్ణి ఇందులోకి లాగినందుకు తనను తాను తిట్టుకుంది. లారీలు ఆగలేదు. మేయరు రోడ్డు వైపు తిరిగి, రెండు చేతులూ చాచి ఆల్ఫొన్సిన్‌కు అడ్డంగా నిలబడ్డాడు. పురపాలక సంఘం మంచు తోసే బండి అటుగా వచ్చి వాళ్ళను ఎక్కించుకునే దాకా అలాగే నిలబడ్డాడు.

బండిలో వేడి తగిలాక ఆల్ఫొన్సిన్ మొహంలోకి రంగు వచ్చింది. ఊళ్ళోకొచ్చాక మేయరు నెమ్మదిగా అన్నాడు.

"ఆ భూమి ఊరికే ఇస్తున్నాడమ్మా మారియెల్. నా హయాంలో మిల్లు మూశారు. కాన్వెంటు మూశారు. అన్నిటికీ వెళ్ళి నిలబడి ఉపన్యాసం చెప్పింది నేనే. పోయేలోగా ఒక్కటైనా తెరిచాడ్రా అనిపించుకోవాలనుంది."

"తెరవండి. మనుషులున్న చోట తెరవండి," అంది మారియెల్. "భూమి ఊరికే వస్తుంది నిజమే. అక్కడిదాకా నీళ్ళ గొట్టాలు మనమే వెయ్యాలి. ఏటా ఆ రోడ్డు మీద మంచు మనమే తొయ్యాలి. ఆ అరీనా పారబోసే వేడికి అక్కడ చలి కాచుకునేదెవరు? కాకులు."

"ముందు నీ తమ్ముణ్ణి ఒప్పించు," అన్నాడు మేయరు. "వాడి వెనక జట్టంతా ఉంది. జట్టు వెనక తల్లులున్నారు. తల్లులతో పెట్టుకోవడం నా వల్ల కాదు."

అక్కాతమ్ముళ్ళ మధ్య అప్పటికి దాదాపు ఏడాదిగా మాటల్లేవు. క్రిస్మస్‌కు కూడా ఎవరింట్లో వాళ్ళు పండగ మాంసం రొట్టె కోసుకున్నారు. మారియెల్ అతని షెడ్డుకు వెళ్ళేసరికి గ్రెగ్వార్ ఒక పాత బాయిలరు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"రాజీకొచ్చావా, పాఠం చెప్పడానికొచ్చావా?" అన్నాయి కాళ్ళు.

"అడగడానికొచ్చాను. ఆ బస్సు ఎక్కడ ఆపాలో నువ్వే చెప్పు." ఆమె మిల్లు స్థలం పటం నేల మీద పరిచింది.

గ్రెగ్వార్ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. చర్చి వెనక ఖాళీ జాగా మీద నూనె అంటిన వేలు పెట్టాడు. "ఇక్కడ. ఆదివారం పొద్దున్న తప్ప అక్కడ ఈగ వాలదు."

సరిగ్గా ఆ జాగాలోనే మారియెల్ తోట వేయాలనుకుంది. పటంలో చెట్లన్నీ ఆమె తన చేత్తో ఆకుపచ్చ రంగు వేసి గీసినవే. పెన్సిలు తీసుకుని, మధ్యలోని చెట్లు కొట్టేసింది.

"అంచున ఒక వరస మాత్రం ఉంటుంది. దాని జోలికొచ్చావంటే ఊరుకోను."

"ఉంచుకో, ఉంచుకో. బస్సు డ్రైవర్లకి నీడుంటుంది," అన్నాడు గ్రెగ్వార్. వేలు ఇంకా పటం మీదే ఉంది. "ఈ వేడి గొట్టాలు మాత్రం నాకు నమ్మకం లేదక్కా. కొత్త సామాను కొన్నవాడికి రెండు పనులు, వాడుకోవడం, బాగుచేయించుకోవడం."

చర్చి పెద్దలు స్థలం వాడుకోనిచ్చారు. కౌన్సిల్లో ఓట్లు సమానంగా చీలాయి. మేయరు తన ఓటు ఊరి మధ్యకే వేశాడు. అది చాలామందికి మింగుడుపడలేదు. ఆ వ్యాపారి వేరే ఊరికి ఇంకో భూమి ఆశ చూపించుకుంటూ పోయాడు.

కట్టడం అనుకున్నదానికంటే ఆలస్యమైంది. మిల్లు పునాదుల కింద పాత నూనె గుంట బయటపడి, అది శుభ్రం చేసేసరికి ఒక వేసవి గడిచింది. చివరికి తలుపులు తెరిచిన రోజున బోర్వల్ జట్టు చిత్తుగా ఓడింది. అయినా ఎవరూ తొందరగా ఇంటికి వెళ్ళలేదు. ఆట అయ్యాక పిల్లలు స్కేట్లు మెడలో వేలాడేసుకుని, గుంపులు గుంపులుగా వీధి మధ్య నడుచుకుంటూ పోయారు. వీధి సన్నం కాబట్టి కార్లు వాళ్ళ వెనకాలే మెల్లగా పాకాయి. మారియెల్ చర్చి మెట్ల మీద నిలబడి ఆ గోల విన్నది. చిన్నప్పుడు మిల్లు వదిలినప్పుడు విన్న గోల లాంటిది అది.

ఆ ఆనందం జనవరి దాకానే. జనవరిలో చలి దిగజారి, ఊపిరి మీసాల మీదే గడ్డకట్టే వారం ఒకటొచ్చింది. ఆ వారంలో ఒక మధ్యాహ్నం వృద్ధాశ్రమంలో వేడి ఆగిపోయింది. అరీనా నుంచి వీధి కిందుగా వెళ్ళే గొట్టంలో నీళ్ళను తోసే పంపు పగిలింది. అలాంటప్పుడు అక్కరకు రావాలని ఆశ్రమంలో ఒక విద్యుత్ బాయిలరు పెట్టించారు. మీట నొక్కితే అది పలకలేదు. బిగించినవాళ్ళు దానికి తీగ కలపడమే మరిచిపోయారని అప్పుడు తెలిసింది.

ఆ మాట ఊరంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. "కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అన్నారు. "మారియెల్ ఫ్రిజ్‌లో ముసలాళ్ళని పెట్టింది," అన్నారు. మారియెల్ ఆ మాటలు వింటూనే కోటుకు బొత్తాలు కూడా పెట్టుకోకుండా పరుగెత్తింది. ఆశ్రమంలో కిటికీల లోపలివైపు అప్పటికే మంచుపొర పట్టింది. ముసలివాళ్ళు దుప్పట్లలో ముడుచుకుని కూర్చున్నారు. తల్లి వయసు మొహాలు. ఎవరికేమైనా అయితే ఆ పాపం తనదే. కానీ నిలబడి కుమిలిపోయే సమయం కాదది. అరీనా మేడ మీది హాలు వెచ్చగానే ఉంది, దాని పొయ్యి వేరు. నలభై అడుగుల వీధి దాటితే చాలు.

ఆమె తమ్ముడికి ఫోను చేసింది. గ్రెగ్వార్ సాధన మధ్యలో ఆపేశాడు. కుర్రాళ్ళు స్కేట్లు విప్పి, ఇంకా భుజకవచాలతోనే పరుగెత్తుకొచ్చారు. చక్రాల కుర్చీలు ఎత్తారు, పరుపులు మోశారు, మందుల పెట్టెలు మోశారు. ఒక పెద్దావిడ తన చిలక పంజరం లేనిదే కదలనంటే దాన్ని జట్టు గోల్‌కీపరు కోటులో దాచుకుని మోశాడు. బడి వంటావిడలు సూపు కుండలు తెచ్చారు. చీకటి పడకముందే అందరూ హాల్లో ఉన్నారు, ఒక్కరికి పడిశం కూడా పట్టలేదు.

"అదే అరీనా హైవే మీద ఉండుంటే?" అని ఎవరో అన్నారు.

గ్రెగ్వార్ అప్పుడు వీధిలో పంపు ఉన్న గొయ్యిలో దిగి ఉన్నాడు. పాత బాయిలరు నుంచి ఊడదీసిన పంపొకటి తెచ్చి తాత్కాలికంగా బిగించాడు. మారియెల్ పైనుంచి లాంతరు పట్టుకుంది.

"చెప్పానా, రెండో పని తప్పదని," అన్నాడు కిందనుంచి.

"చెప్పావు. దెప్పడం అయ్యాక బిగించు."

"దెప్పడం కాదక్కా." అతను పంపుకి ఇంకో బోల్టు బిగించాడు. "గొట్టం మంచిది. వేసినవాడు దొంగవెధవ. సామాను మాత్రం మంచిది. ఇలా దగ్గర దగ్గరగా ఉంటే బాగుచెయ్యడం కూడా తేలిక." తర్వాత పైకి చూడకుండానే, "సభలో ఆ రోజు నేనన్న మాట... గంట మీదా అన్నది..."

"మంచి జోకే అది," అంది మారియెల్. "నేనే నవ్వలేకపోయాను."

రెండ్రోజులకు మళ్ళీ వేడి వచ్చింది. అయినా కొందరు ముసలివాళ్ళు హాలు వదిలి వెళ్ళేది లేదన్నారు, శనివారం ఆట చూసే వెళ్తామని భీష్మించారు. ఆ పేచీ తీర్చడానికి ఆశ్రమానికీ అరీనాకూ మధ్య అద్దాల నడవ ఒకటి కట్టాలని మారియెల్ ఆ వారంలోనే కౌన్సిల్‌కు రాసింది. అది కట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. రెండుసార్లు తోసిపుచ్చారు, మూడోసారి ఒప్పుకున్నారు. ఆమె పద్ధతే అంత. కాదన్నవాళ్ళ మీద అలగదు, ఇంకోసారి వస్తుంది.

పంపు పగిలిన గొడవలో లుద్జేర్ పకెట్ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. "మారియెల్ గొట్టాలు పీకేస్తాం" అని గెలిచినావిడ, మొదటి చలికాలం వేడి ఖర్చు ఎంత తగ్గిందో చూశాక పీకే మాట ఎత్తలేదు. పైగా రెండో వీధికి కూడా పొడిగించింది. ఓడిన మేయరు తన పెద్ద ఇల్లు అమ్మేసి, మిల్లు స్థలంలో కట్టిన ఇళ్ళలో ఒకటి తీసుకున్నాడు. కింద రొట్టెల కొట్టు, పైన ఆయన. పిల్లల గోలకు నిద్రపట్టడం లేదని మారియెల్‌కు వారం వారం ఫిర్యాదు చేసేవాడు. పిల్లలు రాని సెలవు రోజుల్లో ఏమీ తోచడం లేదని కూడా ఆమెకే చెప్పుకునేవాడు.

ఆల్ఫొన్సిన్ తన తొంభయ్యో ఏట చనిపోయింది. ఆఖరి మూడేళ్ళూ ఆవిడ కిరాణాకు, జుట్టు కత్తిరించే చోటికి, చర్చికి తన కాళ్ళ మీదే వెళ్ళింది. మారియెల్ కొట్టుకూ కొట్టుకూ మధ్య బెంచీలు వేయించింది. "ఊళ్ళో నాకు పదకొండు కుర్చీలున్నాయే," అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ గొప్పలు చెప్పుకునేది. అంత్యక్రియలకు వచ్చినవాళ్ళలో చాలామంది నడిచే వచ్చారు.

అన్నీ మారియెల్ అనుకున్నట్టు జరిగాయనుకోకండి. హైవే మీది సూపర్‌మార్కెట్టు ఇప్పటికీ ఉంది, ఆదివారాలు కిటకిటలాడుతూనే ఉంది. ఊరి అంచున కొత్త ఇళ్ళు పొలాల్లోకి పాకకుండా ఆపాలని ఆమె చేసిన తీర్మానం ఓడిపోయింది. దానికి ఆమె నెల రోజులు నవ్వలేదు. మాంట్రియల్ నుంచి రెండుసార్లు పెద్ద ఉద్యోగం పిలుపు వచ్చింది. "ఇక్కడి పని సగంలో ఉంది" అని వెళ్ళలేదు. ఎప్పుడడిగినా పని సగంలోనే ఉండేది.

రిటైరయ్యాక ఆమె గదిలోకి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. కౌన్సిలు సమావేశాల్లో చివర పౌరులు ప్రశ్నలు అడిగే వేళ ఒకటుంటుంది. ఈ మధ్య ఒక సమావేశంలో ఆ వేళకు మారియెల్ లేచి మైకు దగ్గరికి నడిచింది. బల్ల దగ్గర కొత్త అమ్మాయి నిటారుగా సర్దుకుని కూర్చుంది.

"పేరు, చిరునామా చెప్పండి," అన్నాడు గుమస్తా. ఇరవయ్యేళ్ళు ఆమెతో పొద్దున్నే కాఫీ తాగిన మనిషి.

"నన్నెరగవా?"

"నిబంధనమ్మా. మీరు రాసిందే."

హాలంతా నవ్వింది. మారియెల్ కూడా నవ్వి, పేరూ వీధీ ఇంటి నంబరూ పలికింది.

"నా ప్రశ్న జిల్లా ఆసుపత్రికి బస్సు గురించి. డయాలిసిస్‌కి వెళ్ళేవాళ్ళు మన ఊళ్ళో కొందరున్నారు, వాళ్ళలో కారు నడపగలిగేవాళ్ళు ఇద్దరే. పక్క రెండూళ్ళతో కలిసి వారానికి మూడుసార్లు బస్సు నడపడానికి ఏమడ్డం?"

కొత్త అమ్మాయి కాగితాలు వెతుక్కుంది. "మేడమ్, అది... పరిశీలనలో ఉంది."

"ఎప్పటిలోగా తేలుతుంది?"

"వచ్చే సమావేశానికి చెప్పగలనేమో."

"మంచిది," అంది మారియెల్. "పక్క ఊళ్ళ వాళ్ళతో మాట్లాడటానికి తోడు కావాలంటే చెప్పమ్మా, నేనొస్తాను. ఆ ఊళ్ళవాళ్ళు మొదటిసారి కాదంటారు, కంగారుపడకు."

అని వచ్చి, తమ్ముడి పక్కన తన కుర్చీలో కూర్చుంది.